పన్నెండో సూది

ఆ రోజు ఉదయం భద్రతాధికారి దగ్గర పకడ్బందీ ప్రణాళిక ఉంది. ఏడుకు సూదులు. ఎనిమిదిన్నరకు ఆఫీసు. పదకొండుకు అగ్నిప్రమాద రిహార్సల్. ఒంటిగంటకు భోజనం. మధ్యలో ఎక్కడా టాయిలెట్ లేదు. ఆయన ప్రణాళికలన్నీ ఇలాగే ఉండేవి. ఆయన పెద్దపేగు వాటిని ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

అట్టపెట్టెలు, ప్యాకింగ్ సామాను తయారుచేసే కంపెనీకి అది ఐదంతస్తుల ఆఫీసు. అక్కడ అందరూ ఆయన్ను గస్తీ గారు అంటారు. రోజుకు ఎనిమిదిసార్లు ఏదో ఒక అంతస్తులో, ముఖం బిగించుకుని, వడివడిగా నడుస్తూ కనబడతాడు గనుక. అలారాలు, నిప్పు ఆర్పే సిలిండర్లు తనిఖీ చేస్తున్నాడని జనం అనుకున్నారు. ఆయన కాదనలేదు. నిజానికి ఏడేళ్లుగా ఆయన పెద్దపేగులో వాపు, పుండ్లు. అల్సరేటివ్ కొలైటిస్ అని కడుపు డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఇంట్లో బీరువాలో, బట్టల అడుగున ఉంది. ఏ అంతస్తులో ఏ టాయిలెట్ ఏ వేళకు ఖాళీగా ఉంటుందో ఆ భవనానికి పైపులు వేసిన ప్లంబరుకు కూడా అంత బాగా తెలియదు.

అంతా సాఫీగా జరిగిపోతున్న సమయంలో కొత్త మేనేజరమ్మ వచ్చింది. ఆవిడకు మనుషులు సీట్లలో ఉండాలి. గస్తీ రెండుసార్లు సీటులో దొరకలేదు. మూడోసారి దొరక్కపోతే ఊరి బయట గోడౌనుకు బదిలీ అని మెమో ఇచ్చింది. ఆదివారం పూట ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఆయన ఆ గోడౌను చూసి వచ్చాడు. టాయిలెట్ లారీల షెడ్డు అవతల ఉంది. తలుపు నుంచి తలుపుకు లెక్కపెట్టాడు. రెండు వందల నలభై అడుగులు. ఎంత మంచి రోజైనా ఆయన కడుపు ఇచ్చే గడువు నూట ఇరవై. మిగతా నూట ఇరవై అడుగుల్లో ఏం జరుగుతుందో ఊహించుకుని ఆ రాత్రి అన్నం మానేశాడు.

"ఆవిడకి చెప్పేస్తే పోదుటండీ? జబ్బేగా, దొంగతనమేం కాదుగా?" అంది భార్య.

"గుండె జబ్బయితే ఈపాటికి చెప్పేసేవాణ్ణే. గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. దీనికెక్కడ చెయ్యేసుకోమంటావు?"

"మీకన్నీ వెటకారాలే. అక్కయ్య చెప్పిన సూదుల డాక్టరమ్మ దగ్గరికైనా వెళ్లండి మరి."

మాత్రలు మానకుండా ఏం చేసుకున్నా తనకు అభ్యంతరం లేదని కడుపు డాక్టరు అన్నాడు. మోకాళ్ల నొప్పులకు అక్కడ వైద్యం చేయించుకున్న వదిన గారు దగ్గరుండి తీసుకెళ్లింది. అలా మొదలైంది.

సూదుల డాక్టరమ్మది తేలిక చెయ్యి, గట్టి నోరు. పొట్ట మీద మూడు, కాళ్లకు ఆరు, చేతులకు రెండు, నడినెత్తిన ఒకటి. వెంట్రుకంత సన్నటి ఆక్యుపంక్చర్ సూదులు. దిగినట్టు కూడా తెలియదు.

"నెత్తి మీదెందుకండీ? జబ్బు కింద కదా?" అని మొదటి రోజే అడిగాడు గస్తీ.

"కిందికి జారేదాన్ని పైనుంచి పట్టుకోవాలి. మాట్లాడకండి, పొట్ట ఊగుతోంది."

సూదులయ్యాక మోక్సా. ఎండబెట్టిన మాచిపత్రి దంచి, కాగితంలో చుట్టి, లావుపాటి చుట్టలా చేసిన కర్ర. దాన్ని వెలిగించి, మోకాళ్ల కింద, బొడ్డు చుట్టూ, చర్మానికి తగలకుండా రెండంగుళాల దూరంలో పట్టుకుని వెచ్చజేస్తారు. హాయిగానే ఉంటుంది. ఆ పొగ వాసన మాత్రం మామూలుగా ఉండదు. ఇంటికెళ్లాక చొక్కా విప్పి భార్య చేతికిస్తే, ఆవిడ దాన్ని కర్రతో పట్టుకుని బకెట్లో వేసేది.

ఆ రోజు సూదులన్నీ దిగి పావుగంట కాకముందే ఆయన పొట్టలో ఈల వినిపించింది.

"డాక్టరమ్మా! తీసేయండి! అర్జెంటు!"

"ఇంకో పది నిమిషాలు..."

"పది నిమిషాలు నా చేతిలో లేవండీ!"

ఆవిడ చకచకా తీసింది. ఆయన పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. మోక్సాకు వ్యవధి లేదు. అది ఉదయం పది లోపు పడితేనే గుణమని డాక్టరమ్మ నియమం.

"ఒక కర్ర ఇవ్వండి. ఆఫీసులో నేనే పెట్టుకుంటాను."

"పొగొస్తుందండీ, జాగ్రత్త."

"పొగ గురించి నాకు చెబుతున్నారా? ఇరవై ఏళ్లుగా అదే నా ఉద్యోగం!"

ఛాతీ విరుచుకుని బయటికి నడిచాడు. పన్నెండు సూదులు దిగాయి. పదకొండు బయటికి వచ్చాయి. ఆ తేడా ఆ క్షణంలో ఎవరూ చూసుకోలేదు. ఆయన ఆరడుగుల మనిషి. ఆ నడినెత్తిని చూడగలిగే అవకాశం ఆఫీసులో సీలింగ్ ఫ్యాన్లకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఆఫీసు గోడ మీద ఆయన రాసిన సర్క్యులర్ అంటించి ఉంది. ఉదయం సరిగ్గా పదకొండు గంటలకు అలారం మోగుతుంది, అందరూ మెట్లమీదుగా కిందికి దిగాలి, అగ్నిమాపక శాఖ ఇన్‌స్పెక్టరు స్వయంగా చూస్తారు. కింద మేనేజరమ్మ ఎర్రసిరాతో ఒక వాక్యం చేర్చింది. 'పదకొండు వరకు ఎవరూ సీటు వదలరాదు.'

తొమ్మిది గంటలకు అందరి కళ్లముందూ సీటులో కూర్చుని, తొమ్మిదీ ఐదుకు గస్తీ నాలుగో అంతస్తు చివరి టాయిలెట్ చేరాడు. ఆ భవనంలో అరవై మూడు పొగ పసిగట్టే యంత్రాలున్నాయి. అగ్గిపుల్ల గీసినా పట్టేసే కొత్తరకం. అన్నీ ఆయన దగ్గరుండి బిగించినవే. ఆ టాయిలెట్‌లో మాత్రం లేదు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. తలుపు గడియ పెట్టాడు. ఫ్యాను వేశాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచాడు. మూత మీద కూర్చుని కర్ర వెలిగించాడు. పొగ బుద్ధిగా ఫ్యానులోకి పోతోంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆయనకు తెలియనిది ఒక్కటే. ఆ ఫ్యాను గొట్టం ఊడిపోయి మూడు నెలలైంది. పొగ బయటికి పోవడం లేదు. పక్కనున్న మీటింగ్ హాలు కప్పులోకి పోతోంది.

ఆరో నిమిషంలో అలారం మోగింది.

మొదట ఆయనకు గర్వం కలిగింది. ఎవరో ఎక్కడో ఏదో వెలిగించారు, తను బిగించిన యంత్రం వెంటనే పట్టేసింది! తర్వాత చేతిలోని కర్ర వంక చూశాడు. గర్వం దిగిపోయింది.

కుళాయి కింద పెట్టాడు. పైన తడిసింది, లోపల రగులుతూనే ఉంది. తలుపు తీసి వరండాలో తొంగిచూశాడు. ఎవరూ లేరు. గోడకున్న ఎర్ర ఇసుక బకెట్లో కర్రను తలకిందులుగా పొడిచి, ప్యాంటు కిందికి లాక్కుంటూ, అదే అంతస్తులో ఉద్యోగులు కూర్చునే పెద్ద హాల్లోకి పరుగెత్తాడు.

హాల్లో నలభై మంది ఉన్నారు. నలభై మందీ కూర్చుని పనిచేసుకుంటున్నారు. చెవులు చిల్లులు పడేలా అలారం మోగుతోంది.

"ఏంటయ్యా, వినపడట్లేదా?"

"వినపడుతోంది సార్," అన్నాడు స్టోర్స్ గుమాస్తా, అరుస్తూనే. "కానీ తొమ్మిదింబావే కదా అయింది. మనది పదకొండుకి."

"మరి మోగుతోందిగా!"

"ట్రయల్ వేస్తున్నారేమో అనుకున్నాం సార్. సీటొదిలితే మేడమ్ మెమో ఇస్తారు."

గస్తీ చిక్కులో పడ్డాడు. నిజంగా నిప్పు అంటుకుందంటే అబద్ధం. నిప్పు లేదంటే నీకెలా తెలుసంటారు. ఇరవై ఏళ్లుగా దాచిపెట్టుకున్న 'ప్రమాద సమయంలో ప్రశాంతత' అనే ఉపన్యాసం గుర్తొచ్చింది గానీ, అందులో ఇలాంటి ప్రమాదం లేదు.

సరిగ్గా అప్పుడే మెట్లెక్కి మేనేజరమ్మ వచ్చింది. వెనకే ఖాకీ దుస్తుల్లో పొట్టిగా, గుండ్రంగా ఒక మనిషి. పదకొండుకు రావలసిన ఇన్‌స్పెక్టరు. వేరే చోట పని రద్దయి ముందే వచ్చేశాడు.

"బాగుందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటూ. "అలారం మోగి నాలుగు నిమిషాలు. ఒక్కళ్లూ లేవలేదు. నా సర్వీసులో ఇంత ధైర్యవంతుల్ని చూడలేదు."

మేనేజరమ్మ ముఖం ఎర్రబడింది. "గస్తీ గారూ! పొగ నాలుగో అంతస్తు మీటింగ్ హాల్లో అని కింద అలారం ప్యానెల్ చూపిస్తోంది. పదండి."

"ప్యానెల్‌ని నమ్మడానికి వీల్లేదు మేడమ్. రెండో అంతస్తు చూద్దాం."

"కన్నతల్లినైనా అనుమానించొచ్చు గానీ ఈ ప్యానెల్‌ని కాదని పోయిన నెలే చెప్పారుగా మీరు?"

"అంటే... పోయిన నెల వాతావరణం వేరు మేడమ్."

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని ఆయనకే నమ్మకం కలగలేదు. అప్పటికి అలారం ఆపి, జనాన్ని మెట్లమీదుగా దింపేశారు. మిగిలింది నలుగురు. మేనేజరమ్మ, ఇన్‌స్పెక్టరు, గస్తీ, పైకి వచ్చిన గేటు సెక్యూరిటీ అతను. గస్తీ వాళ్లను రెండో అంతస్తుకు, మూడో అంతస్తుకు, మేడ మీది నీళ్ల ట్యాంకు దగ్గరకు తిప్పాడు. నీళ్ల ట్యాంకులో నిప్పేమిటని ఇన్‌స్పెక్టరు అడిగితే, ఏదీ కొట్టిపారేయకూడదన్నాడు. చివరికి సెక్యూరిటీ అతనే, చెప్పకుండా నాలుగో అంతస్తుకు వెళ్లి, ఇసుక బకెట్ మోసుకొచ్చాడు. బకెట్ నుంచి సన్నగా పొగ వస్తోంది.

"సార్, నిప్పార్పే బకెట్టే కాలుతోంది సార్!"

ఇన్‌స్పెక్టరు వంగి వాసన చూశాడు. కనుబొమలు పైకి లేచాయి. ఇసుకలోంచి కర్ర పైకి లాగాడు. ఎండుటాకు, గుప్పుమనే వాసన, లావుపాటి చుట్ట.

"మేడమ్, మీ ఆఫీసులో ఎవరో గంజాయి తాగుతున్నారు."

"గంజాయా!"

"వాసన చూడండి. నేను చాలా చోట్లకి వెళ్లినవాణ్ణి. ఇంత లావు చుట్ట మాత్రం ఎక్కడా చూళ్లేదు. బాగా ముదిరిన కేసు."

అందరూ నాలుగో అంతస్తుకు దిగాక, అక్కడి వరండాలోనే విచారణ మొదలైంది. "పోలీసుల్ని పిలిచేముందు మనిషెవరో మనకి తెలియాలి," అంది మేనేజరమ్మ. "గస్తీ గారూ, భద్రత మీది కాబట్టి మీరే రాసుకోండి."

గస్తీ జేబులోంచి కాగితం తీశాడు. కలం తెరిచాడు.

"ఇలాంటోళ్లకి కొన్ని గుర్తులుంటాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మాటిమాటికీ సీట్లోంచి మాయమైపోతారు. రాసుకోండి."

రాసుకున్నాడు.

"అందరికంటే ముందొస్తారు. బరువు తగ్గిపోతారు. కళ్ల కింద నలుపు. ఉన్నట్టుండి చెమటలు. టాయిలెట్లో గంటలు గంటలు గడుపుతారు. ఏం చేస్తున్నావంటే సరిగా చెప్పరు."

ఆరో గుర్తు దగ్గర కలం ఆగిపోయింది. తల ఎత్తేసరికి మేనేజరమ్మ ఆయన వంక చూస్తోంది. సెక్యూరిటీ అతను కూడా. నుదుటి మీద చెమట కారి కాగితం మీద, సరిగ్గా 'చెమటలు' అన్న మాట పక్కనే పడింది.

"గస్తీ గారూ," అంది మేనేజరమ్మ నెమ్మదిగా. "మీరేనా?"

ఎదురుగా రెండు దారులు. పేగు జబ్బని చెప్పాలి, లేదా గంజాయని ఒప్పుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ఆయన కొన్ని క్షణాలు రెండోదాన్ని నిజంగానే పరిశీలించాడు. గంజాయంటే జనం భయపడతారు, జాలిపడతారు, అలాంటి మనిషిలో ఇంత లోతుందా అని ఆశ్చర్యపోతారు. వాపు వచ్చిన పెద్దపేగులో ఆశ్చర్యపడటానికి ఏముంటుంది?

ఆ నిర్ణయాన్ని ఆయన కడుపు ఆయన చేతిలో ఉంచలేదు. ఈల వినిపించింది. ఈసారి పక్కవాళ్లకు కూడా.

"ఒక్క నిమిషం మేడమ్," అని కాళ్లకు బుద్ధి చెప్పాడు.

"పట్టుకోండి!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

చివరి టాయిలెట్ తలుపు దగ్గర కాలు జారి గస్తీ ముందుకు వంగాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ ఆఫీసులో ఒక మనిషికి ఆయన నడినెత్తి కనిపించింది. ట్యూబులైటు వెలుగులో అక్కడ ఏదో తళుక్కుమంది.

"సార్! సూది! తలలో సూది!" కేక పెట్టాడు సెక్యూరిటీ అతను.

"ఓరి నాయనో! చేతి నరాలు అయిపోయి, నేరుగా తలకే ఎక్కించుకుంటున్నాడు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ధడాలున తలుపు మూసుకుంది. గడియ పడింది. ముగ్గురూ తలుపు బాదడం మొదలుపెట్టారు.

"గస్తీ గారూ! లోపలేం చేస్తున్నారు?"

"అందరూ చేసేదే మేడమ్!"

"అందరూ చెయ్యరండీ ఇలాంటివి! తలుపు తియ్యండి!"

"ఇప్పుడు తీస్తే మీకే బాగుండదు మేడమ్!"

ఆ సమయంలో లోపల, ఇంతసేపూ అలారం హోరులో, కంగారులో ఆయన పట్టించుకోని ఫోను మళ్లీ మోగింది. దాన్ని ఆపబోయి ఆయన స్పీకరు నొక్కాడు. నాలుగు గోడల మధ్య సూదుల డాక్టరమ్మ గొంతు గంట కొట్టినట్టు మోగింది. వరండాలో ఉన్నవాళ్లకు ఒక్క అక్షరం పోలేదు.

"ఎన్నిసార్లు ఫోను చెయ్యాలండీ మీకు? పద్నాలుగోసారి! లెక్క చూసుకుంటే పదకొండే ఉన్నాయి. పన్నెండోది మీ నెత్తి మీదే ఉండిపోయింది! తల దువ్వుకోకండి, టోపీ పెట్టకండి, నేను చెప్పినట్టు నిటారుగా పట్టుకుని లాగండి. మోక్సా పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నానండీ." ఆయన నెత్తి తడిమి సూదిని నిటారుగా లాగాడు.

"పొగేం ఇబ్బంది పెట్టలేదు కదా?"

"...లేదండీ."

"సరే. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు వెళ్లారు?"

తలుపు అవతల బాదడం ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తలుపుకు చెవి ఆనించాడు.

"నాలుగు. ఇప్పుడు అయిదోది నడుస్తోంది."

"రక్తం పడుతోందా?"

గస్తీ ఏడేళ్లుగా భార్యకూ డాక్టర్లకూ తప్ప ఎవరికీ చెప్పని మాట, మూసిన తలుపు వైపు చూస్తూ చెప్పాడు.

"కొంచెం పడుతోందండీ. పోయిన వారం కంటే తక్కువే."

"అది మీ కడుపు డాక్టరుకి ఇవాళే చెప్పండి. మాత్రలు మాత్రం మానకండి. సూదొక్కదానితో పేగు బాగైపోతుందని నేనెప్పుడూ చెప్పలేదు. ఉంటానండీ."

ఫోను కట్ అయింది. కాసేపటికి తలుపు బయట మేనేజరమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. "నిదానంగా రండి. మేం కిందుంటాం." తర్వాత అడుగుల చప్పుడు దూరమైంది. చివరగా సెక్యూరిటీ అతను తలుపు దగ్గరగా వచ్చి, "సార్, నీళ్లు వస్తున్నాయా? బకెట్ తెమ్మంటారా? ఇసుకది కాదు సార్, మంచిదే," అని అడిగాడు.

ఇన్‌స్పెక్టరు తన నివేదికలో మూడు ముక్కలు రాశాడు. పొగను పట్టే యంత్రాలు అద్భుతం. ఊడిన గొట్టం సరిచేయాలి. రిహార్సల్ వేళ ముందుగా గోడ మీద రాయకూడదు. వెళ్తూ వెళ్తూ, ఆ డాక్టరమ్మ మోకాళ్ల నొప్పులకు కూడా వేస్తుందా అని అడిగి చిరునామా రాసుకున్నాడు.

సాయంత్రం మేనేజరమ్మ గదిలో గస్తీ నిలబడ్డాడు. బల్ల మీద బదిలీ ఉత్తర్వు ఉంది. టైపు చేసి, సంతకం కోసం పెట్టిన కాగితం.

"కూర్చోండి. ముందే చెప్పొచ్చుగా నాకు?"

"చిన్నవారు మేడమ్ మీరు. పైగా మొదటి రోజే సీటు గురించి మాట్లాడారు. నా జబ్బుకీ సీటుకీ పడదు."

ఆవిడ నవ్వు ఆపుకుని నిబంధనల పుస్తకం తెరిచింది. "ఆరోగ్య కారణాల మీద బదిలీ ఆపాలంటే ఈ జాబితాలో ఉండాలి. మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను. గుండె ఉంది. కిడ్నీ ఉంది. కళ్లున్నాయి. వెన్నెముక రెండుసార్లుంది. పేగుల్లేవు."

"ఎక్కడా?"

"ఎక్కడా లేవు. ఇది రాసినవాళ్లకి పేగులున్నట్టు లేదు. హెడ్డాఫీసుకి రాస్తే కమిటీ వేస్తారు. కమిటీ ముందు ఇవాళ చెప్పినవన్నీ మళ్లీ చెప్పాలి. చెబుతారా?"

గస్తీ కళ్ల ముందు కమిటీ కనబడింది. పొడవాటి బల్ల, ఏడుగురు, మధ్యలో మంచినీళ్ల గ్లాసులు. ఆ వెనకే గోడౌనూ, లారీల షెడ్డూ, రెండు వందల నలభై అడుగులూ కనబడ్డాయి. రెంటిలో ఏది ఘోరమో తేల్చుకోలేక తల దించుకున్నాడు. "చెబుతాను మేడమ్. చెప్పక ఏం చేస్తాను?"

"అక్కర్లేదు." ఆవిడ పేజీ తిప్పింది. "ఇంకో నిబంధన దొరికింది. గోడౌన్లో ఉండేదంతా అట్టా, కాగితమూ, థర్మాకోలూ. వెంటనే అంటుకునే సరుకున్న చోటికి, నిప్పుతో సంబంధమున్న అలవాటున్న మనిషిని పంపకూడదు. చుట్ట, బీడీ, ఏదైనా సరే. మోక్సాని ఆ 'ఏదైనా'లో వేశాను. మీ బదిలీ రద్దు. ఇక్కడ మాత్రం కర్ర వెలిగించకండి. పొద్దున్నే క్లినిక్కులోనే పెట్టించుకుని గంట ఆలస్యంగా రండి. సీటు గురించి నేనడగను."

ఏడేళ్ల జబ్బు చేయలేని పనిని ఆరు నిమిషాల పొగ చేసింది. గస్తీ కళ్లు తుడుచుకుని లేవబోయాడు.

"ఆగండి, ఆగండి," అంటూ ఆవిడ కొత్త కాగితం ముందుకు తోసింది. "ఇది ఫైల్లోకెళ్లాలి."

'సదరు ఉద్యోగి వల్ల అగ్నిప్రమాదం సంభవించే అవకాశం ఉన్నందున, ఇతనిని గోడౌనుకు పంపరాదు' అని అందులో ఉంది. కింద మేనేజరమ్మ సంతకం. ఆ పక్కన, పరిశీలించి నిజమని ధ్రువీకరించవలసిన భద్రతాధికారికి ఒక ఖాళీ.

ఆయన రెండుసార్లు శ్రద్ధగా చదివి, అభ్యంతరం ఏమీ కనబడక, సంతకం చేశాడు.